మేము రాళ్ల నేల కొన్న వైనం

ఆ రోజుల్లో నేల కొనడమంటే ఇప్పటిలా షోకు వ్యవహారం కాదు. ఇప్పుడు మా మనవలు ఒక ముక్క కొనాలంటే ముందు బస్సు ఎక్కడ ఆగుతుందని అడుగుతారు, తర్వాత సినిమా హాలు ఎంత దూరమని అడుగుతారు, చివరికి గుర్తొస్తే నేల గురించి అడుగుతారు. మేము అలా కాదు, నేలనే చూసేవాళ్లం. తవ్వి చూసేవాళ్లం, చేత్తో పిసికి చూసేవాళ్లం, నాలుక మీద వేసుకుని కూడా చూసేవాళ్లం. అంత చూసీ ఎంత చక్కగా వెర్రివాళ్లమయ్యామో చెప్పడానికే ఈ నాలుగు కాగితాలు ఖర్చు చేస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, భజన మందిరం వెనక సాయంత్రం బడిలో, ముక్కు కారే పిల్లల పక్కన పలక పట్టుకుని కూర్చుంటే. అందుచేత రాత వంకరగా ఉంటే సర్దుకోండి. మాట మాత్రం తిన్నగానే ఉంటుంది. ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి. (గుచ్చుకోవలసినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. అందుకే ఇంత ధైర్యం.)

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఈ చెరకు దీవిలో ప్లేన్ మాన్యెన్ అనే ఊరి దిగువన ఒక చక్కెర ఎస్టేటు కాంపులో కాపురం. కాంపంటే గొప్పగా ఊహించుకోకండి. వరసగా గడ్డి కప్పిన గదులు, ముందు బురద, వెనక చెరకు, పక్కన ఎప్పుడూ ఎండని మురుగు గుంట. ఆ పల్లంలో చలిజ్వరం చుట్టంలా వచ్చేది కాదు, ఇంటి మనిషిలా ఉండేది. నా మొదటి బిడ్డను అదే తీసుకుపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను. రెండోది ఆడపిల్ల. ఎనిమిది నెలలు నిండేసరికి దానికీ రోజు విడిచి రోజు ఒళ్లు కాలిపోవడం మొదలైంది. మా ఆయన పిల్లను ఎత్తుకుని ఎస్టేటు ఆసుపత్రి కంపౌండరు దగ్గరికి వెళ్లి, చేదు మందూ ఒక్క మాటా పట్టుకొచ్చాడు. వానలు ముదిరేలోగా పిల్లను ఈ పల్లం నుంచి పైకి తీసుకుపోతే దక్కుతుంది, లేకపోతే చెప్పలేనని కంపౌండరు అన్నాడట. అంటే మాకు మూడు నెలలు కూడా లేవు.

మా ఆయన సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. కాంపంతా ఆయన్ని మూగెద్దు అనేవారు. నేను కాదనేదాన్ని కాదు. చెరకు గుంటలు తవ్వడంలో ఆయనకు సాటి లేరు. మాట్లాడటంలో మాత్రం ఆయన కన్నా ఆయన చేతిలో పార నయం, రాయి తగిలితే అదైనా మోగేది. పెళ్లైన మూడేళ్లలో ఆయన నాతో అన్న మాటలన్నీ మూట కడితే ఒక పూట భోజనం చేసేలోపు విప్పి చూసేయవచ్చు. అందుచేత ఇంట్లో ఆలోచించే పని, నిర్ణయించే పని, అరిచే పని నేనే చేసేదాన్ని. ఉన్న ఒక్క ఆవును అమ్ముదామన్నది నేను. ఆ డబ్బుతో పై ప్రాంతాల్లో ఒకటో రెండో ఆర్పాంలు కొని సొంత పాక వేసుకుందామన్నదీ నేనే. (ఆర్పాం అంటే ఎకరం కన్నా కాస్త తక్కువ. ఇక్కడ నేలనంతా దాంతోనే కొలుస్తారు.) ఆయన తల ఊపాడు. ఆ తల ఎప్పుడూ పైకీ కిందికే ఊగేది. పక్కకు ఊగడం నేను చూడలేదు.

మొదట పై ప్రాంతంలో ఉన్న వకోవా వెళ్లాం. అక్కడ ఆయన అన్నగారు ఒక తెల్లదొర తోటలో మాలీగా ఉండేవాడు. దొర పాతబడ్డ బూట్లు ఇస్తే అవి తొడుక్కుని తనే దొరనైనట్టు నడిచేవాడు కనుక నేను ఆయనకు బూట్ల బావగారని పేరు పెట్టాను. (మనసులోనే లెండి.) స్టేషన్లో దిగగానే చినుకు పడుతోంది. బావగారు గొడుగు మా మీద పట్టకుండా తన బూట్ల మీద పట్టుకుని చెప్పుకుపోతున్నాడు.

"తమ్ముడూ, వకోవాలో జ్వరమన్న మాటే లేదు. గాలి సూడు, గాలి! తెల్లదొరలు ఊరికే వచ్చి ఉంటున్నారేటి?"

"వానో?" అన్నాడు మా ఆయన. ఆ నెలలో అదే ఆయన మొదటి ప్రశ్న అనుకుంటాను.

"ఇది వానేటిరా! ఇది పన్నీరు జల్లు. ఇంకో ఘడియలో ఆగిపోతాది."

ఆ పన్నీరు జల్లు పొద్దున్నుంచి సాయంత్రం రైలెక్కేదాకా ఆగలేదు. బావగారి ఇంట్లో గోడలకు నాచు, దుప్పట్లకు బూజు. దండెం మీద బట్టలు పోయిన వారం ఉతికినవట, ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఇక ధర చెప్పనే అక్కర్లేదు. ఆ ఊళ్లో ఒక్క ఆర్పాం కావాలంటే మా ఆవును ఏడుసార్లు అమ్మాలి, ఆవేమో ఒక్కసారే అమ్ముడుపోతుంది. అయినా బావగారు బురదలో దిగబడుతూ మమ్మల్ని ముక్క తర్వాత ముక్క తిప్పాడు. అడుగు తీసినప్పుడల్లా బూట్లలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. బావగారితో నేను ఎదురుపడి మాట్లాడకూడదు కనుక చంకలో పిల్లతో అన్నాను: "సూడవే తల్లీ, మీ పెదనాన్న బూట్లలో చేపలు పెంచుతున్నాడు." బావగారు వినపడనట్టు ముందుకు నడిచాడు. మా ఆయన మొహం తిప్పుకున్నాడు. నవ్వాడేమో తెలియదు, ఆయన నవ్వినా వీపు వైపు నుంచే నవ్వేవాడు.

వకోవా అలా పోయింది. మా కాంపు పక్కనే పల్లపు నేలలు చవగ్గా ఉన్నాయి, ఎందుకు చవకో మా ఇంట్లో ఊయలకు తెలుసు. ఇంతలో కాస్త ఎత్తున ఉండే మాంటాన్ బ్లాంష్ నుంచి మా పిన్ని కబురు పంపింది. అక్కడ కొండ కింద ఒక పెద్ద నేలచెక్కను ఎస్టేటు వాళ్ల దగ్గర కొని, ముక్కలు చేసి అమ్ముతున్న మనవాడొకడు ఉన్నాడట. తెలుగువాడు, ఒకప్పుడు కూలీల మీద సర్దారు. శనివారం పని దిగగానే బయలుదేరి, సగం దారి రైలు, సగం కాలినడక, పిన్ని ఇంట్లో తల దాచుకున్నాం. ఆ ఒక్క గదిలో అప్పటికే తొమ్మిది మంది. "ఉండిపోవే" అని పిన్ని అంది కానీ, కాళ్లు చాపాలంటే వంతులేసుకోవలసిన చోట ఉండేదెక్కడ?

ఆదివారం పొద్దున సర్దారు దర్శనం అయింది. తలమీద బెండు టోపీ, తెల్లదొరలు పొలాల్లో పెట్టుకుంటారే అలాంటిది. ఏ దొరో పారేసింది అయుండాలి, తలకు రెండు వేళ్లు పెద్దది. మాటలో జోరు పెరిగినప్పుడల్లా కళ్ల మీదికి జారేది, ఒక వేలితో పైకి నెట్టుకుని మళ్లీ మొదలెట్టేవాడు. నేల మాత్రం చూడగానే మనసు పోయింది. చదునుగా, ఎర్రగా, మెత్తగా ఉంది. ఈ దేశంలో పార వేస్తే ముందు రాయి పలుకుతుంది. ఆ నేలలో పార వెన్నలో దిగినట్టు దిగింది. పైన ఒక మూల మాత్రం నల్లరాళ్ల గుట్టలు, ముళ్లపొదలు. ఎవరో కొండ మీద నుంచి రాళ్లు దొర్లించి అక్కడ మరిచిపోయినట్టుంది.

"బొన్ తేర్, అమ్మాయ్, బొన్ తేర్! ఇంత మంచి నేల ఈ దీవిలో లేదు," అన్నాడు సర్దారు.

"మీరనగానే సరా? పరీక్ష పెట్టాలి," అన్నాను నేను.

ఆ మాట అన్నప్పుడు నా గడ్డం ఎంత పైకి లేచిందో ఇప్పటికీ గుర్తే. మా అమ్మమ్మ తెలుగు నేల నుంచి ఈ దీవికి ఓడెక్కి వచ్చిన మనిషి. చీర మూటతో పాటు అక్కడి శాస్త్రాలన్నీ నోట్లో మూటగట్టుకొచ్చింది. నేల పరీక్ష వాటిల్లో ఒకటి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట తవ్వాలి. అంచుదాకా నీళ్లు పోయాలి. ఇంటి ఇల్లాలు అక్కడి నుంచి వంద అడుగులు నడిచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లి, అప్పుడు తిరిగి రావాలి. వచ్చేసరికి గుంటలో నీళ్లు నిలిచి ఉంటే ఆ ఇంట సిరి నిలుస్తుంది. ఇంకిపోతే ఆ నేల తాగుబోతు నేల, మనల్నీ తాగేస్తుంది. ఇది నేను చెబుతుంటే సర్దారు టోపీ తీసేశాడు. (టోపీ తీసినవాణ్ణి నమ్మడం నా వయసు చేసిన తప్పు.)

"అయ్యో, ఎన్నాళ్లకు విన్నానమ్మా ఈ మాట! మనవాళ్ల శాస్త్రం తెలిసిన పిల్ల ఒక్కత్తంటే ఒక్కత్తి లేదనుకున్నాను. ఎన్ని గుంటలు తవ్వమంటాది మీ అమ్మమ్మ?"

"నాలుగు మూలలా నాలుగు."

"నడుమో? నేల గుణం అడుగడుక్కీ మారుతాది కదా. పెద్దావిడ ఆలోచించకుండా ఉంటాదేటి?"

నిజానికి అమ్మమ్మ నడుమ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కాని తెలియదంటే పరువేం కాను? "అడుగడుక్కీ తవ్వమనేది," అన్నాను. "ఒక వరసలో తవ్వమనేది."

"అదీ శాస్త్రమంటే!" అని సర్దారు టోపీ పెట్టుకున్నాడు. మా ఆయన నా వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూసి, చొక్కా విప్పి పార అందుకున్నాడు.

కిందనున్న వాగు నుంచి కిరసనాయిలు డబ్బాతో నీళ్లు మోయడం నా పని. పిల్లను చెట్టుకింద పిన్ని కూతురి ఒళ్లో పెట్టి, డబ్బా నెత్తినెత్తుకుని, గట్టెక్కి, గుంట నింపి, వంద అడుగులు నడిచేదాన్ని. నాకు అప్పటికి ఇరవై దాటి లెక్క రాదు. అందుకని ఇరవయ్యేసి చొప్పున ఐదుసార్లు లెక్కపెట్టేదాన్ని, మధ్యలో ఎన్నో ఇరవయ్యో మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి. మెడ తిప్పేదాన్ని కాదు. ఆ నడకలో నేను ఎస్టేటు దొరసానికి తీసిపోను. తిరిగొచ్చేసరికి ప్రతి గుంటలోనూ నీళ్లు తొణకకుండా ఉండేవి. "నిలిచాయి!" అని నేను అరిచేదాన్ని. "నిలిచాయి!" అని సర్దారు అరిచేవాడు. మా ఆయన ఇంకో గుంట మొదలుపెట్టేవాడు.

రెండో ఆదివారం వెళ్లేసరికి సర్దారు చేతులు నలుపుకుంటున్నాడు. "ఆ ముక్కను ఎవరో ముందే అడిగారమ్మా, మాట ఇచ్చేశాను. దాని పై ముక్క సూడండి, ఇంకా మంచిది." సరే, మళ్లీ శాస్త్రం, మళ్లీ గుంటలు, మళ్లీ వాగు. మా ఆయన ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. "నీకేం తెలుసయ్యా, నువ్వు తవ్వు," అన్నాను. నోరు మూసుకుని తవ్వాడు. మూడో ఆదివారానికి చుట్టుపక్కల కాంపుల నుంచి ఇంకా కుటుంబాలు వచ్చాయి. అందరూ నేల కొనాలనే వచ్చారు. సర్దారు వాళ్లను నా దగ్గరికి తోలాడు. "నన్నడక్కండి, ఈ అమ్మాయిని అడగండి. శాస్త్రమంతా ఈవిడ నోట్లో ఉంది."

ఇక చూడండి నా వైభవం! అప్పటిదాకా నా మాట వినేది మా ఆయనా, మా మేకా. ఆ రోజు పదకొండు కుటుంబాలు విన్నాయి. గుంట లోతు తక్కువైతే "ఇంకా తవ్వు మామా" అన్నాను. వరస వంకర పోతే "అలా కాదు అక్కా, తిన్నగా, తిన్నగా" అన్నాను. ఒకామె సగం దారిలో వెనక్కి తిరిగి చూస్తే మళ్లీ వాగుకు పంపి మొదటి నుంచి నడిపించాను. జీతం లేని సర్దారునయ్యాను. అసలు సర్దారు నీడలో కూర్చుని టోపీతో విసురుకుంటూ, నేను అరిచినప్పుడల్లా "అలాగే, అలాగే" అనేవాడు. పిల్లకు మాత్రం ఆ వారం రెండుసార్లు జ్వరం వచ్చింది. ఇంకెంత, ఒక్క వారం, రెండు వారాలు, అని దాని చెవిలో చెప్పుకునేదాన్ని.

నాలుగో ఆదివారం చీకటి పడకముందే సర్దారు మాట ఖాయం చేశాడు. "వచ్చేవారం డబ్బు పట్టుకురండి. కొలతల మనిషిని పిలుస్తాను. మీకు నచ్చిన ముక్క మీది." ఆవు డబ్బు మొలకు కట్టుకుని, ఐదో ఆదివారం ఎండ ముదరకముందే చేరుకున్నాం. మిగతా కుటుంబాలూ అప్పుడే వస్తున్నాయి, పారలు భుజాన వేసుకుని. గట్టెక్కి చూద్దును కదా, మా నేలంతా పచ్చగా ఉంది. ప్రతి గుంటలోంచి, ఈ వారంలోనే ఆకులతో సహా గుచ్చిన రెండేసి, మూడేసి చెరకు మొవ్వలు తలలెత్తి నన్ను చూస్తున్నాయి.

"ఎవడో మన నేలలో చెరకు నాటేశాడయ్యో!" అని కేక పెట్టాను.

పెట్టాక, కేక నోట్లో ఉండగానే, బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. మూరెడు లోతు, మూరెడు వెడల్పు. వరస తిన్నగా. గుంటకూ గుంటకూ అడుగు. చిన్నప్పటి నుంచి చెరకు తోటల్లో కలుపు తీసిన దాన్ని. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన ప్రతి చెరకు గుంటా అంతే ఉంటుంది. పైగా గుంటలు తవ్వించడమే కాదు, నీళ్లు కూడా పోయించుకున్నాడు. వెనక్కి తిరిగి చూడొద్దన్న మర్యాద కూడా పాటించాం. మావి నాలుగు ఆదివారాలు, పదకొండు కుటుంబాలవి రెండేసి, ఒక్క కూలి రూపాయి లేదు.

సర్దారు చెరకు మధ్య నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఏటిది సర్దారూ?"

"చెరకమ్మా. నేల ఖాళీగా ఉంచుతారేటి? అమ్మడానికి ఇంకా రోజులున్నాయి కదా."

"మా చేత తవ్వించి నాటుకుంటావా? నీ టోపీ మాడా! కాయకష్టం చేసుకునేవాళ్ల ఆదివారాలు తింటావా?"

"నేను తవ్వమన్నానేటి?" అన్నాడు, టోపీ పైకి నెట్టుకుంటూ, ఎంతో శాంతంగా. "మీ అమ్మమ్మ తవ్వమంది. కూలి కావాలంటే ఆవిడ్నే అడుగు."

నా జన్మలో నాకు జవాబు దొరకని సందర్భాలు రెండే. అది మొదటిది. వెనక పదకొండు కుటుంబాలూ నన్నే చూస్తున్నాయి. వాళ్లలో వాగుకు రెండోసారి పంపించిన ఆవిడ చూపు మరీ దారుణం. ఒక ముసలాయన, "వరస తిన్నగా తవ్వమన్నది ఈ పిల్లే కదా" అని అందరికీ వినపడేలా అన్నాడు. చంకలో పిల్ల ఒళ్లు వెచ్చబడుతోంది. వానలకు ఇంక నెల కూడా లేదు. ఇంకో ఊరు వెతకడానికి టైము లేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఏడుపొచ్చింది, కాని ఆ టోపీ ముందు ఏడవడం ఇష్టం లేక పళ్లు బిగించుకున్నాను.

అప్పుడు మా ఆయన మాట్లాడాడు.

"ఆ పైది ఎంత?"

అందరూ తిరిగి చూశారు, ఎవరు మాట్లాడారా అని. ఆయన రాళ్ల గుట్టల వైపు చెయ్యి చూపించాడు.

సర్దారు నవ్వాడు. "అదా? అందులో పార దిగదు. మేకలు కూడా చెప్పులేసుకుని నడవాలి అక్కడ."

"ఎంత?"

"ఎందుకయ్యా, ఆ రాళ్లు ఏరుకోవడానికా?" అని నేనూ అరిచాను. మిగిలిన పరువు కాపాడుకోవాలని డబ్బాలో నీళ్లు తీసుకెళ్లి ఆ రాళ్ల సందులో కుమ్మరించాను. అక్కడ గుంట తవ్వే పనే లేదు. గుటక్ మని ఒక చప్పుడు. అంతే. నీళ్లు ఎటు పోయాయో భూదేవికే తెలియాలి. "చూశావా? వంద అడుగులు కాదు, ఒక్క రెప్పపాటు నిలవలేదు! తాగుబోతు నేల!"

ఆయన నా మాట విననట్టే ఉన్నాడు. పారను నేలలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ పెట్టి, సర్దారు మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనక ఒకరొకరే పదకొండు కుటుంబాల మగవాళ్లూ వచ్చి నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ పారలే. సర్దారు టోపీ కళ్ల మీదికి జారింది, ఈసారి పైకి నెట్టుకోలేదు. ఆ టోపీ కిందనుంచే ధర చెప్పాడు. మూడు ఆర్పాంల రాళ్లు, ఒక ఆవు ధరకు. తక్కినవాళ్లకు కూలి ఇస్తానని కూడా అన్నాడు. (ఇచ్చాడు కూడా. పారలు అంత దగ్గరగా ఉంటే ఎవరైనా ఇస్తారు.)

దారంతా నేను ఆయన్ని తిట్టాను. రైల్లో తిట్టాను, కాంపులో తిట్టాను, పాక వేసేటప్పుడు ఒక్కో గుంజకూ తిట్టాను. ఏరిన రాళ్లతో చుట్టూ గోడ పెట్టాం, ఆ గోడకూ నా తిట్లే సున్నం. రాళ్ల సందుల్లో చిక్కుడు, మిరప, వంగ వేశాం. తర్వాత చెరకు కూడా. చెప్పకూడదు కాని, ఆ రాళ్ల కింద తడి ఎక్కడ దాక్కునేదో, మొక్కలు మాత్రం తిరుగులేకుండా వచ్చేవి. పిల్లకు జ్వరం ముందు వారానికొకసారి అయింది, తర్వాత నెలకొకసారి, మరో ఏడాదికి రావడం మానేసింది. కింద సర్దారు చదును నేలలో వానాకాలమంతా నీళ్లు నిలిచేవి, దోమలు మేఘాల్లా లేచేవి. సర్దారు ఇంట్లో రోజూ ఎవరో ఒకరు దుప్పటి కింద వణుకుతుండేవారు. నిలిచిన సిరి అదీ. (పాపం అనాలేమో. నేననలేదు.)

మనిషి బుద్ధి ఎలాంటిదో చూడండి. పదేళ్లు గడిచేసరికి ఆ నేలను ఎంచింది నేనేనని చెప్పుకోవడం మొదలుపెట్టాను. ముందు ఇరుగుపొరుగుతో, తర్వాత కోడళ్లతో, తర్వాత మనవలతో. "ఆ నీళ్లు గుటుక్కుమన్నప్పుడే నాకు తెలిసిపోయింది," అనేదాన్ని. నేనే నమ్మేశాను కూడా. ఆయన పక్కనే కూర్చుని వినేవాడు. తల పైకీ కిందికీ ఊగేది.

ఆ తర్వాత చాలా కాలానికి, సాయంత్రం బడిలో పంతులుగారు అందర్నీ తమ ఊరు గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. నేను ఐదు పేజీలు రాశాను, ఈ కథే, నా గొప్పతనాలతో సహా. రాసింది ఎలా ఉందో చూద్దామని వసారాలో ఆయనకు చదివి వినిపించాను. అప్పటికి ఆయనకు కళ్లు మసక, చెవులు మాత్రం పదును. అంతా విని, చిక్కుడుకాయలు ఒలుస్తూనే అన్నాడు:

"ఒక్కటి తప్పు రాశావు."

"ఏటి తప్పు? గుణింతమా?"

"అవి చెరకు గుంటలని నాకు రెండో ఆదివారమే తెలుసు. రోజూ తవ్వే పనే కదా."

కాగితాలు ఒళ్లో పడేశాను. "తెలిసి తవ్వావా? నాలుగు ఆదివారాలు? నా చేత వాగు మోయించావా?"

"నీళ్లు నిలిచే చోట జ్వరం ఉంటాదని కంపౌండరు చెప్పాడు. నువ్వేమో నీళ్లు నిలిచే చోటే కావాలంటున్నావు. అమ్మమ్మ పేరెత్తితే నీతో ఎవరు వాదిస్తారు? నీళ్లు నిలవని చోటు నేనే వెతుక్కోవాలి కదా."

"ఎప్పుడు వెతికావు? నేను నీ పక్కనే ఉన్నాను!"

ఆయన ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, నెమ్మదిగా అన్నాడు. "నువ్వు వంద అడుగులు నడిచేటప్పుడు. నువ్వు వెనక్కి తిరిగి చూడవు కదా. లెక్క కూడా నీకు ఆలస్యమయ్యేది. ఆ రాళ్లన్నీ తిరిగి చూసేశాను."

జవాబు దొరకని రెండో సందర్భం అదే. కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాను. కొట్టేయాలంటే ఐదు పేజీలూ కొట్టేయాలి. "అప్పుడే ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నాను చివరికి.

"చెబుదామనే అనుకున్నాను," అన్నాడు. "సందు దొరకలేదు."

ఆయన పోయి ఇప్పటికి నాలుగేళ్లు. ఈ ఇంట్లో ఇప్పుడు కావలసినంత సందు ఉంది. ఒక్కోసారి వసారాలో కూర్చుని ఏదో అనబోయి, మధ్యలో ఆపి, ఎదుటివాళ్లు ఏమంటారో అని కాసేపు చూస్తాను. ఈ బుద్ధి నాకు అక్షరాల కన్నా ఆలస్యంగా వచ్చింది. మా కోడలు కంగారు పడి ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది. బాగానే ఉందే అని నవ్వుతాను.